పాత క్లారినెట్టు ఏ శ్రుతిది?

వాద్యములలో శ్రుతి మార్చుకొనదగినవి కొన్ని, మార్చుకొనరానివి కొన్ని. వీణకును తంబురకును బిరడలున్నవి. వాయించువాడు తనకు కావలసిన శ్రుతికి తంతిని బిగించుకొనును, లేదా సడలించుకొనును. ఫిడేలు సంగతియు నంతే. హార్మోనియమునకు అట్టి స్వేచ్ఛ లేదు. చేసినవాడు దాని రీడులను ఏ శ్రుతికి గీసి యమర్చెనో ఆ శ్రుతిలోనే అది పలుకుచుండును. క్లారినెట్టు ఈ రెండు తెగలకు నడుమ నున్నట్లు కనబడును గాని, నిజమునకు హార్మోనియము పక్షమునకే చేరినది. నోటిముక్కకు దిగువనుండు బ్యారెల్ అను పొట్టి గొట్టమును రవంత పైకి లాగి శ్రుతిని కొంచెము తగ్గించుకొనవచ్చును. అంతకు మించి చేయగలిగినది లేదు. కొయ్యలో రంధ్రములు తొలిచిన దినముననే దాని శ్రుతి నిర్ణయమై పోయినది.

ఈ సంగతి తెలియకపోవుటచే కలుగు నష్టము చిన్నది కాదు. తాతల నాటి పెట్టెలో దొరకినదానినో, బ్యాండు మేళము వారు అమ్మివేసినదానినో, పాతసామానుల అంగడిలో చౌకగా వచ్చినదానినో తండ్రి కుమారుని చేతికిచ్చును. బాలుడు నెలల తరబడి సాధన చేసి, ఒక ఆదివారమున హార్మోనియముతో గలిసి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని పాట నొకదానిని వాయింపబోవును. మొదటి చరణము ముగియకముందే వినువారు ముఖములు చిట్లింతురు. “వీనికి చెవి లేదు” అని పెద్దలు తీర్పు చెప్పుదురు. పాపము, ఆ బాలునికి చెవి యున్నది గనుకనే వాద్యమును హార్మోనియముతో కలుపుటకు పెదవులు సడలించియు, బిగించియు నానా అవస్థలు పడుచుండును. చెవి లేనివాడైనచో నిశ్చింతగా వాయించియే యుండును. ఇట్లు వాద్యమును పెట్టెలో పెట్టి మరల ముట్టనివారిని మేము ఎరుగుదుము. వారి చేతిలోనున్న క్లారినెట్టు చెడినదియు గాదు. అది వేరొక కాలపు శ్రుతికి చేయబడినది. ఆ సంగతిని కొలబద్దతో పావుగంటలో తేల్చవచ్చును.

ఆ “వేరొక కాలపు శ్రుతి” యనగా నేమో మొదట తెలిసికొనవలెను. మన సంగీతమున శ్రుతి పాడువాని గొంతును బట్టి యుండును. హార్మోనియము మెట్లను బట్టి ఒకటి శ్రుతి, ఒకటిన్నర శ్రుతి, రెండు శ్రుతి యని చెప్పుకొందుము గాని, ఆ ఒకటి శ్రుతికి సెకనుకు ఇన్ని కంపనములే యుండవలెనని మన పెద్దలు శాసింపలేదు. పాశ్చాత్య సంగీతమున నూరుగురు వాద్యకులు ఒకేసారి కూర్చుండి వాయింపవలసి వచ్చుటచే అట్టి శాసనము అవసరమైనది. వారు ‘ఏ’ అను స్వరమును, అనగా మన లెక్కలో ఆరు శ్రుతిని, ఆధారముగా తీసికొనిరి. నేడు దానికి సెకనుకు 440 కంపనములు. ఈ 440 అను సంఖ్య సృష్ట్యాది నుండి వచ్చినది కాదు. దానికి ముందు చాల కలహము జరిగినది.

శ్రుతిదండమును 1711లో లండను నగరమున జాన్ షోర్ అను బాకా వాద్యకుడు కనిపెట్టెను. ‘మెస్సయ’ అను గొప్ప కృతిని రచించిన హాండెల్ గారిదని చెప్పబడు 1751 నాటి శ్రుతిదండమొకటి నేటికిని నిలిచియున్నది. అది సెకనుకు 422.5 కంపనములు చేయును. తరువాతి నూరేండ్లలో శ్రుతి మెల్లమెల్లగా పైకి ప్రాకినది. శ్రుతి హెచ్చిన కొలది వాద్యములు ఎక్కువ తళుకుతో పలుకునట్లు తోచును గనుక, ఒక బృందము హెచ్చింపగా పక్కబృందము దానిని మించవలెనని హెచ్చించినది. 1850 ప్రాంతమున లండనులోని ఫిల్‌హార్మోనిక్ సంఘము వారి శ్రుతి 452 దాటినది. హాండెల్ శ్రుతికిని దానికిని నడుమ భేదము ఒక అర్ధస్వరము కంటెను ఎక్కువ. అనగా హాండెల్ వ్రాసిన పాటనే ఆ కాలపు గాయకులు అతడు తలచినదానికంటె ఒక మెట్టు పైన, గొంతులు చించుకొని పాడవలసి వచ్చెను.

ఈ పోటీని మొట్టమొదట చట్టముతో నరికట్టినవారు ఫ్రెంచివారు. వారి ప్రభుత్వము నియమించిన సంఘములో రోస్సీనీ, బెర్లియో మొదలగు సంగీతకర్తలతోపాటు లిసజూ అను భౌతికశాస్త్రజ్ఞుడును ఉండెను. కంపనములను అద్దముల సాయమున కంటికి కనబడునట్లు చేసినవాడు ఈ లిసజూయే. 1859లో వారు ‘ఏ’ స్వరమునకు 435 కంపనములని, అదియు 15 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందని నిర్ణయించిరి. 1885లో వియన్నాలో జరిగిన సభ దీనినే అంగీకరించెను. ఫ్రెంచివారు పోవుటను ఒకటిగాను వచ్చుటను ఒకటిగాను లెక్కించుట వాడుక గనుక వారి పాత శ్రుతిదండములపై 870 అని చెక్కియుండవచ్చును. దానిని చూచి బెదరనక్కరలేదు.

ఇంగ్లండు మాత్రము తనదారి తనదిగా చాలకాలము నడచినది. 1895లో లండనులోని క్వీన్స్ హాలులో ప్రామినేడ్ కచేరీలు ప్రారంభమైనప్పుడు వాటికి ధనసహాయము చేసిన జార్జి కాత్‌కార్ట్ గారు గొంతు వైద్యులు. హెచ్చు శ్రుతివలన గాయకుల గొంతులు చెడుచున్నవని యెరిగినవారగుటచే, శ్రుతి తగ్గించినగాని ధనమియ్యనని వారు నిబంధన పెట్టిరి. మరుసటి సంవత్సరము, 1896లో, ఫిల్‌హార్మోనిక్ సంఘము వారును దిగివచ్చి 439 కంపనములను స్వీకరించిరి. ఫ్రెంచి 435 పదునైదు డిగ్రీలకు చెప్పబడినది గదా, లండను కచేరీసాలలో ఇరువది డిగ్రీల వేడి యుండును గదా, ఆ వేడిలో అదే వాద్యము 439 పలుకునని వారి లెక్క. ఈ లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మన యెండలకు వచ్చునప్పుడు మరల దీని యవసరము కలుగును.

నాటకశాలలు, కచేరీలు మారినను సైన్యపు బ్యాండ్లు మారలేదు. వేలకొలది వాద్యములను ఒక్కసారి మార్చుటకు కావలసిన ధనమును ఎవరిత్తురు? కావున బ్రిటిషు సైన్యపు బ్యాండ్లు 1920 దశాబ్దము చివరివరకును సుమారు 452 కంపనముల పాత శ్రుతిలోనే వాయించుచుండెను. అమెరికాలో హెచ్చు శ్రుతి యింకను హెచ్చు; అది 457 వరకు పోయినది. అక్కడి వాద్యకుల సమాఖ్య 1917లో 440ని స్వీకరించువరకు వర్తకులు ఒకే మాదిరి క్లారినెట్టును రెండు శ్రుతులలోను అమ్మిరి. తుదకు 1939 మే నెలలో లండనులో కూడిన అంతర్జాతీయ సభ 440ని నిర్ణయించెను. 1955లో ప్రమాణముల అంతర్జాతీయ సంస్థ దానిని ఖాయపరచెను. 439 ఉండగా 440 ఏల యని అడిగెడి విద్యార్థికి చక్కని యుత్తరమున్నది. 439 అభాజ్య సంఖ్య. దానిని యంత్రముతో పుట్టించుట కష్టము. బి.బి.సి. ఇంజనీర్లు సెకనుకు పదిలక్షల కంపనములు చేయు స్ఫటికమును తీసికొని, దానిని వేయితో భాగించి, పదునొకండుతో గుణించి, ఇరువదియైదుతో భాగించి 440ని పొందిరి. గుణకార భాగహారములు ఎందుకు పనికివచ్చునని అడుగువారు దీనిని ఒకసారి చేసి చూచుకొనవచ్చును.

మన దేశమున దొరకు పాత క్లారినెట్లలో కొన్నింటికి ఈ చరిత్రతో నేరుగా సంబంధమున్నది. బ్రిటిషు పటాలముల బ్యాండ్లు ఈ దేశములో ఉన్నంతకాలము వాటి వాద్యములు ఇక్కడనే వాడబడి, పాతబడి, చేతులు మారినవి. కావున పాత ఆంగ్ల క్లారినెట్టు ఏదైన చేతికి వచ్చినప్పుడు అది హెచ్చు శ్రుతిది కావచ్చునని మొదటనే అనుమానించుట వివేకము.

ఇక పరీక్ష. మొదట గుర్తులను చూడవలెను. పై కొయ్యముక్క వెనుకగాని, తయారుచేసినవారి పేరు క్రిందగాని, గంటవలె విప్పారిన చివరి ముక్కపైగాని హెచ్.పి. అనియో, ఒంటరిగా హెచ్ అనియో ఉన్నచో హెచ్చు శ్రుతి, అనగా హై పిచ్. ఎల్.పి. అనియో, ఎల్ అనియో ఉన్నచో తగ్గు శ్రుతి, అనగా లో పిచ్, నేటి 440కి సరిపోవునది. అరిగిన అక్షరములపై కొంచెము సుద్దపొడి రుద్దినచో తేటపడును. అయితే గుర్తులను గ్రుడ్డిగా నమ్మరాదు. ‘ఫిల్‌హార్మోనిక్’ అని మాత్రమే చెక్కియున్నచో అది పాత ఫిల్‌హార్మోనిక్ 452 కావచ్చును, 1896 నాటి కొత్త 439యు కావచ్చును. ఒకే పేరు రెండు విరుద్ధ శ్రుతులకు వాడబడినది. ఐరోపాఖండములో తమ దేశీయుల కొరకు చేసికొనిన వాద్యములపై సాధారణముగా ఏ గుర్తును ఉండదు. పాత వాద్యములలో ఒక ముక్క విరిగినచో వేరొకదాని ముక్కను తగిలించుటయు కలదు గనుక, గుర్తు ఒక ముక్కపైనే యున్నచో అది ఆ ముక్కకే సాక్ష్యము. తయారుచేసినవారి పేరును కొంత సాయపడును. బూసీ, హాక్స్ అను రెండు లండను సంస్థలు 1930లో ఏకమైనవి. కావున రెండు పేర్లును కలిసి చెక్కబడిన క్లారినెట్టు 1930కి ముందుది కాజాలదు. సైన్యము అప్పటికే దిగివచ్చినది గనుక అట్టిది తగ్గు శ్రుతిదని ఆశింపవచ్చును, ఆశింపవచ్చును మాత్రమే.

రెండవది కొలబద్ద. మా యభిప్రాయమున ఇదియే ముఖ్యమైన పరీక్ష, ఏలయనగా వాయించుట రానివారును దీనిని చేయవచ్చును, అంగడిలో నిలుచుండియే చేయవచ్చును. నోటిముక్కను తీసివేయుడు, నోటిముక్కలు పలువిధములైన పొడవులు గలవి గనుక వాటిని కలిపి కొలిచినచో తప్పు వచ్చును. తక్కిన నాలుగు ముక్కలను, అనగా బ్యారెల్, పై ముక్క, క్రింది ముక్క, గంట, సందు లేకుండ బిగించి, బ్యారెల్ పై యంచు నుండి గంట క్రింది యంచు వరకు కొలువుడు. సాధారణముగా వాడబడు బి ఫ్లాట్ క్లారినెట్టు తగ్గు శ్రుతిదైనచో సుమారు 59 లేక 60 సెంటీమీటర్లు, పాత లెక్కలో ఇరువదిమూడున్నర అంగుళములు, ఉండును. ఆంగ్ల హెచ్చు శ్రుతిది సుమారు రెండు సెంటీమీటర్లు పొట్టి; అమెరికా హెచ్చు శ్రుతిది రెండున్నర సెంటీమీటర్లు పొట్టి. ఈ తేడా ఎట్లు వచ్చినదో లెక్కించుట సులభము. గొట్టము ఎంత పొట్టిదైన కంపనములు అంత హెచ్చు. 440ని 452తో భాగించినచో 0.973 వచ్చును, నోటిముక్కతో కూడ సుమారు 67 సెంటీమీటర్లుండు గొట్టమును ఆ నిష్పత్తిలో తగ్గించినచో పోవునది రెండు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ.

ఇచ్చట ఒక చిక్కున్నది. క్లారినెట్టులు బి ఫ్లాటులోనే గాక ఏ, సి మున్నగు ఇతర శ్రుతులలోను చేయబడును. ఏ క్లారినెట్టు బి ఫ్లాటుకంటె సుమారు నాలుగు సెంటీమీటర్లు పొడవు. సి క్లారినెట్టు ఏడు సెంటీమీటర్లు పొట్టి. కావున 62 సెంటీమీటర్ల క్లారినెట్టు కనబడినచో అది మిక్కిలి తగ్గు శ్రుతిగల బి ఫ్లాటని భ్రమపడరాదు. అది హెచ్చు శ్రుతిగల ఏ క్లారినెట్టు కావచ్చును. గంటల పొడవులు తయారుచేయువారిని బట్టి కొన్ని మిల్లీమీటర్లు మారును గనుక, 58కిని 59కిని నడుమ వచ్చిన కొలత సందేహాస్పదము. అప్పుడు శ్రుతి తెలిసిన మరియొక క్లారినెట్టును తెచ్చి, పై ముక్కను పై ముక్క పక్కన పెట్టి రంధ్రములను పోల్చిచూడవలెను. హెచ్చు శ్రుతిదానిలో గొట్టమంతయు దామాషా ప్రకారము కుదింపబడి యుండును గనుక ఒక్కొక్క రంధ్రము దిగువకు పోయిన కొలది ఎక్కువ ఎక్కువగా వెనుకబడును. పొడవులో మాత్రమే భేదముండి రంధ్రములు సరిగా ఎదురెదురుగా నున్నచో, ఎవరో బ్యారెల్‌ను కోసిరనియో మార్చిరనియో గ్రహింపవలెను.

మూడవది ఊది చూచుట. నేటి చేతిఫోనులయందు శ్రుతి కొలుచు సాధనములు వెల లేకయే లభించుచున్నవి. దానిని 440కి అమర్చుకొనియున్నారో లేదో మొదట చూచుకొనుడు. హార్మోనియముతో పోల్చి తేల్చరాదు. పాత హార్మోనియములకును తమ తమ కాలపు శ్రుతులే యుండును, 435కి చేసినవియు గలవు. వాద్యమును పది నిమిషములు ఊది వేడెక్కనిచ్చి, బ్యారెల్‌ను పూర్తిగా లోనికి నొక్కి, వేర్వేరు పొడవుల స్వరములను పరీక్షింపవలెను. బి ఫ్లాట్ క్లారినెట్టుపై వ్రేళ్లన్నియు ఎత్తి ఊదినచో వ్రాతలో జి, చెవికి ఎఫ్, అనగా 349 కంపనములు, రావలెను. రంధ్రములన్నియు మూసి చివరి మీటను నొక్కి ఊదినచో మిక్కిలి క్రిందిదైన డి, 147 కంపనములు, వచ్చును. ఆ వ్రేళ్లను కదపక ఎడమ బొటనవ్రేలితో వెనుకటి మీటను నొక్కినచో కంపనములు మూడింతలై ఏ, 440, పలుకును. వేణువు రెండింతలకు పోవుచుండగా క్లారినెట్టు మూడింతలకు పోవుట దాని విశేషము. ఒక కొన మూసిన గొట్టమునకు ఆ ధర్మము సహజమని పై తరగతులవారు చదివియే యుందురు.

హెచ్చు శ్రుతి క్లారినెట్టయినచో ఫోను ఏమి చూపును? ఎఫ్ రావలసిన చోట సుమారు 359 వచ్చును. ఎఫ్‌కును ఎఫ్ షార్ప్‌కును సరిగా నడుమ నున్న సంఖ్య అది. సాధనపు ముల్లు ఒకసారి ఎఫ్ హెచ్చుగా నున్నదనును, మరుక్షణమున ఎఫ్ షార్ప్ తగ్గుగా నున్నదనును. అమెరికా హెచ్చు శ్రుతిదైనచో అది పైమెట్టుకే దగ్గరై, తెలియనివారికి “ఇది బి క్లారినెట్టు, కొంచెము శ్రుతి తగ్గినది” అని తోచును. అసలు గురుతు ఇది: మూడు స్వరములును ఒకే పాళ్లలో, అనగా ఇంచుమించు అర్ధస్వరములో సగము, హెచ్చుగా వచ్చినచో వాద్యము హెచ్చు శ్రుతిది. ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు, ఒకటి సరిగా వచ్చినచో దోషము శ్రుతిప్రమాణములో లేదు. గాలి కారుట, ప్యాడులు అరుగుట, సరిపడని నోటిముక్క, పరాయి ముక్క, వీనిలో నేదియో కారణము. మొదటి తెగ వాద్యమునకు రోగము లేదు. రెండవదానికి వైద్యము కావలెను. ఈ రెండింటిని కలగాపులగము చేసి, ఏ రోగమును లేని హెచ్చు శ్రుతి క్లారినెట్టునకు ప్యాడులు మార్పించి డబ్బు పోగొట్టుకొనినవారు ఎందరో.

ఇప్పుడు వేడిమి సంగతి. పాశ్చాత్య గ్రంథములు దీనిని ఒక వాక్యములో దాటివేయును. మనకు అట్లు కుదరదు. గాలి వేడి ఒక్కొక్క డిగ్రీ హెచ్చినప్పుడు ధ్వని వేగము సెకనుకు 0.6 మీటరు చొప్పున హెచ్చును. ఇరువది డిగ్రీలలో 343 మీటర్లు; నలువది డిగ్రీలలో 355. ఈ భేదము నూటికి మూడుకంటె ఎక్కువ. హెచ్చు తగ్గు శ్రుతుల నడుమ భేదము నూటికి మూడు కూడ లేదు! గొట్టములోని గాలిని మన యూపిరియు వేడి చేయుచుండును గనుక బయటి వేడిమి మార్పు పూర్తిగా లోనికి రాదు. అయినను మే నెల మధ్యాహ్నమున కాగిన గదిలో నుంచిన మంచి తగ్గు శ్రుతి క్లారినెట్టు హెచ్చు శ్రుతిదివలె నటింపగలదు. హార్మోనియము రీడు లోహపుదగుటచే ఇట్లు ఎండతో పైకెక్కదు. వేసవిలో రెండింటికిని పొత్తు చెడుటకు కారణమిదియే. ఆ చిన్న భేదమునకు బ్యారెల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు లాగుట చాలును. ఊది పరీక్షించుటకు డిసెంబరు, జనవరి మాసముల ఉదయకాలము మంచిది. అంతవరకు ఆగలేనివారు కొలబద్దనే నమ్ముకొనవలెను. ఎండకు ధ్వని పరుగెత్తును గాని కొయ్య రెండు సెంటీమీటర్లు సాగదు.

ఈ వేడిమివలన ఒక లాభమును కలదు. ఫ్రెంచి 435 శ్రుతికి చేసిన పాత క్లారినెట్టు, బి ఫ్లాట్ తగ్గు శ్రుతిదానికంటె ముక్కాలు సెంటీమీటరు పొడవుగా నుండునది, చలిదేశములలో నేటి వాద్యములతో కలియక మూలపడియుండవచ్చును. పదునైదు డిగ్రీలలో 435 పలుకు గొట్టము ఇరువదిరెండు డిగ్రీలలో ఇంచుమించు 440 పలుకును. 1896 నాటి లండనువారి లెక్క ఇదియే గదా. మన యూళ్లలో అది సంవత్సరమున ఎక్కువ భాగము దానంతట అదియే హార్మోనియముతో కలియును. అట్టిది దొరకినచో విడువరాదు.

హెచ్చు శ్రుతిదానిని దించరాదా, బ్యారెల్‌ను పొడవు చేసినచో చాలదా యని తప్పక ఎవరైన అడుగుదురు. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి వారు, ఒక తల్లిదండ్రులు పరీక్షకై పంపిన గుర్తులేని క్లారినెట్టును కొలిచి, 57 సెంటీమీటర్ల 7 మిల్లీమీటర్లని తేల్చిన దినమున ఈ ప్రశ్ననే వేసిరి. సమాధానమును నల్లబల్లపై లెక్కించితిమి. హెచ్చు శ్రుతి క్లారినెట్టులో మిక్కిలి క్రింది స్వరమునకు కంపించు గాలికంబము పొడవు ఉజ్జాయింపుగా 57 సెంటీమీటర్లు. వ్రేళ్లెత్తి ఊదు స్వరమునకు 24 సెంటీమీటర్లు మాత్రమే. క్రింది స్వరము సరిపడుటకు 1.6 సెంటీమీటర్లు చేర్చవలెను. ఆ 1.6 సెంటీమీటర్లు 24 సెంటీమీటర్ల కంబమునకును చేరి, దాని కంపనములను 359 నుండి సుమారు 337కు పడద్రోయును. కావలసినది 349. అనగా ఒక స్వరమును సరిచేసి పక్కదానిని ఎఫ్ నుండి జార్చి ఈకి దగ్గర చేసినవారమగుదుము. పొడవాటి కంబమునకు చిటికెడైనది పొట్టి కంబమునకు గుప్పెడగును. రంధ్రములన్నింటిని పూడ్చి మరల తొలచినగాని ఆ వాద్యము దిగిరాదు. అంత పని చేయించుటకంటె కొత్తది కొనుట చౌక. బేరమాడునప్పుడు “పొడవాటి బ్యారెల్ వేసినచో సరిపోవును” అని అమ్మువాడు చెప్పినచో, అతనికి తెలియదనియో, మనకు తెలియదని అతడు తలచెననియో అనుకొనవలెను.

అట్లని హెచ్చు శ్రుతి క్లారినెట్టును పొయ్యిలో పెట్టనక్కరలేదు. హార్మోనియముతోను, పియానోతోను, నేటి బ్యాండుతోను అది కలియదు, నిజమే. కాని తనలో తాను అది పరిపూర్ణముగా సరియైనది. దాని స్వరముల నడుమ దూరములలో ఏ లోపమును లేదు. కర్ణాటక సంగీతమునకు కావలసినది అంతియే గదా. క్లారినెట్టు కర్ణాటక సంగీతమునకు పరాయిది కాదు. 1931లో జన్మించిన ఏ.కే.సీ. నటరాజన్ గారు దానిని కచేరీవాద్యముగా నిలిపి, 2022లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. హెచ్చు శ్రుతి బి ఫ్లాట్ క్లారినెట్టుపై వ్రాతలోని సి స్వరమును షడ్జముగా పెట్టుకొనినచో, వచ్చు శ్రుతి ఆరున్నరకును ఏడింటికిని నడుమ పడును. హార్మోనియములో అట్టి మెట్టు లేదు. తంబురలో మెట్టు అనునదే లేదు. బిరడను త్రిప్పి క్లారినెట్టు షడ్జమునకు కలుపుకొనవచ్చును. విద్యుత్తుతో పనిచేయు శ్రుతిపెట్టెలలోను సన్నగా సవరించుకొను బిరడ యుండును. మృదంగమును అంతమాత్రము హెచ్చించుట వాయించువారికి కష్టము కాదు. ఇతర గాయకుడు గాని ఫిడేలు గాని కూడునప్పుడు, క్లారినెట్టునకు వారు కలియవలెనే గాని వారికి క్లారినెట్టు కలియదని ముందుగానే చెప్పుకొనుట మంచిది.

పైన చెప్పిన 57.7 సెంటీమీటర్ల క్లారినెట్టును జనవరి ఉదయమున ఊదించి చూచితిమి. మూడు స్వరములును సమముగా, అర్ధస్వరములో సగము చొప్పున, హెచ్చుగా పలికినవి. దానిని యజమానులకు తిరిగి పంపునప్పుడు పెట్టె మూత లోపలి వైపున ఒక చీటి అంటించితిమి: “హెచ్చు శ్రుతి. సుమారు 452. తంబురతో వాయింపవచ్చును, హార్మోనియముతో వాయింపరాదు. బ్యారెల్ మార్పింపవలదు.” తేదీయు, కొలతయు దాని క్రింద వ్రాసితిమి.